మిరప కోతల మధ్య మోటారు క్లాసు

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు నలుగురు మొన్న మా ఇంటికి వచ్చారు. పల్లెల్లో చదువు ఆగిపోయిన ఆడపిల్లలకీ మగపిల్లలకీ ఏదో ఒక పని నేర్పించి, దగ్గర్లోని మిల్లుల్లోనో షాపుల్లోనో కుదిర్చే ఉద్యోగం. నా సర్వీసంతా నేను చేసింది అదే. వాళ్ళు లాప్‌టాప్ తెరిచి ఒక బొమ్మ చూపించారు. మధ్యలో ‘యువత’ అని ఒక గుండ్రం, చుట్టూ పంచాయతీ, పరిశ్రమ, శిక్షణ కేంద్రం అని మూడు గుండ్రాలు, వాటి మధ్య బాణాలు.

“ఎలా ఉంది మేడమ్?” అన్నారు.

“బాణాలు భేషుగ్గా ఉన్నాయి. ఆటో ఏదీ?” అన్నాను.

ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. పొద్దున ఆరింటికి కూలి మనుషుల్ని ఎక్కించుకుని పొలాలకు పోయే ఆటో సంగతి నేను అడిగింది. వాళ్ళు వెతుకుతున్న యువత ఆ ఆటోలోనే ఉంటుంది, ఒక కాలు బయటికి పెట్టుకుని.

కాఫీ ఇచ్చి పంపించాను గానీ మనసు ఊరుకోలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి, ఫైళ్ళ సంగతి రాయను. అవి ఎవరికైనా ఒకటే, చదివేవాళ్ళకి నిద్రొస్తుంది. నేను చేసిన తప్పులు రాస్తాను, ముఖ్యంగా ఒకటి. నేను ఒక పిల్లకి మంచి చేయబోతే, ఆ పిల్ల తల్లి కోతల కాలంలో పని పోగొట్టుకుంది. ఆ పిల్ల చేతిదాకా వచ్చిన విద్య కూడా జారిపోబోయింది.

శాలువాల రోజులు

మా ప్రిన్సిపాల్ రంగారావు గారికి ఒప్పందాలంటే మహా ఇష్టం. ఏ ఊరికి వెళ్ళినా ముందు షామియానా, తర్వాత బ్యానరు, ఆ తర్వాతే పిల్లలు. స్టేజీ మీద సర్పంచి గారు, మిల్లు మేనేజరు గారు, మధ్యలో ఆయన. ముగ్గురూ సంతకాలు పెట్టేవారు, ఒకరికొకరు శాలువాలు కప్పుకునేవారు. నేను కింద కొబ్బరికాయ పట్టుకుని నిలబడేదాన్ని. ఒకసారి ఎండలో నిలబడి నిలబడి కళ్ళు తిరిగితే, ఆ కొబ్బరికాయే కొట్టి నీళ్ళు తాగించారు.

ఎగతాళికి అంటున్నాను గానీ, వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. సర్పంచి నిజంగానే ఊరి పిల్లలు బాగుపడాలనుకునేవాడు. మేనేజరుకు నిజంగానే పనివాళ్ళు కావాలి. కాకపోతే, ఒక ఇంట్లో ఆడపిల్ల పొద్దున ఏ వేళకు లేచి ఎటు పోవాలో ఆ ముగ్గురిలో ఎవరి చేతుల్లోనూ లేదు. ఈ ముక్క నా బుర్రకెక్కడానికి చాలా ఏళ్ళు పట్టింది.

సగం ముక్క చీమకుర్తిలో ఎక్కింది. గ్రానైటు యూనిట్లతో ఒప్పందం చేసుకుని, పన్నెండుమంది కుర్రాళ్ళకి రాయి పాలిష్ పట్టడం మూడు నెలలు నేర్పించాం. పాపం, రెండు బస్సులు మారి, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వెళ్ళారు. అక్కడ మెషీన్ మీద ఉన్న మనిషి వీళ్ళు ఏ మెషీన్ మీద నేర్చుకున్నారో విని పొట్ట పట్టుకుని నవ్వాడు. “ఆ మెషీన్లు తీసేసి చాన్నాళ్ళైందండీ, కావాలంటే వెనకాల తుప్పు పట్టి ఉన్నాయి, చూసుకోండి” అన్నాడు. ఒప్పందం రాసుకునేటప్పుడు ఆఫీసు గదిలో కూర్చున్నాం కానీ, ఆ మనిషి దగ్గరికి ఒక్కసారీ వెళ్ళలేదు. మళ్ళీ మొదట్నించి నేర్పించాం, ఏడుగురే మిగిలారు. అప్పట్నించీ ఏ ఫ్యాక్టరీకి వెళ్ళినా ముందు మెషీన్ మీద చెయ్యి ఉన్న మనిషితోనే మాట్లాడాను.

ఫ్యాక్టరీ వైపు బుద్ధొచ్చింది. పల్లె వైపు రాలేదు. అక్కడ ఇంకా సర్పంచి మాటే వేదం నాకు.

జనవరి బ్యాచ్

చిలకలూరిపేట దగ్గర ఒక ఊళ్ళో మోటారు వైండింగు క్లాసు పెట్టాం. కాలిపోయిన మోటారులోంచి పాత రాగి తీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, మళ్ళీ తిరిగేలా చేయడం. ఆ పని వచ్చినవాళ్ళకి మా వైపు తిండికి లోటుండదు. ఓల్టేజీ తగ్గినప్పుడల్లా పొలాల్లో బోరు మోటార్లు కాలుతూనే ఉంటాయి. స్పిన్నింగు మిల్లుల్లో అయితే వందల మోటార్లు. పేట దగ్గర ఒక మిల్లు, పని వచ్చిన పిల్లల్ని తీసుకుంటామని మాతో ఒప్పందం రాసుకుంది.

నేర్పడానికి మస్తాన్ గారు ఒప్పుకున్నారు. మిల్లులో మోటార్లు చుట్టీ చుట్టీ, తర్వాత పేటలో సొంత షాపు పెట్టుకున్న పెద్దాయన. ఈసారి ఆడపిల్లలకు నేర్పాలి అంటే నసుగుతారేమో అనుకున్నాను. ఆయన పెద్దగా నవ్వి, “తొడిమ ఊడకుండా మిరపకాయ కోసే చేతికి రాగి తీగ ఒక లెక్కా మేడమ్! ఎప్పుడు మొదలెడదాం?” అన్నారు.

నేను జనవరి అన్నాను. ఎందుకంటే మార్చి లోపల బ్యాచ్ పూర్తయినట్టు మేం పైకి చూపించాలి. మిరప కోతలు మొదలయ్యేది జనవరిలోనే అని మా ఆఫీసులో బంట్రోతుకి కూడా తెలుసు. తెలిసి కూడా ఎవ్వరం ఆ రెంటినీ కలిపి చూడలేదు. మేం కాగితాల మీద మార్చి కోసం బతికాం, వాళ్ళు చేలో మిరప కోసం బతికారు.

పద్నాలుగు మంది ఆడపిల్లలు చేరారు. మూడో వారానికి అయిదుగురు మిగిలారు. నేను రిపోర్టులో ‘ఆసక్తి లోపం’ అని రాశాను. ఆ మాట ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మానేసినవాళ్ళలో కోటేశ్వరి ఒకతె. ఇంటర్ అయ్యాక రెండేళ్ళుగా తల్లితోపాటు పొలం పనులకు పోతున్న పిల్ల. మనిషి సన్నగా ఉన్నా నోరు గట్టిది. మొదటి వారంలోనే కాలిపోయిన మోటారు విప్పి, ఎక్కడ తీగకి తీగ అంటుకుందో మస్తాన్ గారు చెప్పకముందే వేలు పెట్టి చూపించింది. ఆయన నన్ను పక్కకి పిలిచి, “ఈ పిల్ల నిలబడితే నా షాపు దీనికి అప్పజెప్పి నేను హాయిగా హజ్‌కి పోతానండీ” అన్నారు. అలాంటి పిల్ల రావడం మానేస్తే నేను ఊరుకుంటానా? సర్పంచి గారిని వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

తండ్రి సాంబయ్య వసారాలో కూర్చుని ఉన్నాడు. తల్లి ఆదిలక్ష్మి పనికి పోయింది. సర్పంచి గారు నాలుగు మాటలు చెప్పేసరికి సాంబయ్య లేచి నిలబడి, “మీరు చెప్పినాక కాదనేదేముందండీ” అని కాగితం మీద సంతకం పెట్టాడు. నేను సంతోషంగా స్కూటరెక్కాను. మర్నాటి నుంచి కోటేశ్వరి క్లాసుకు వచ్చింది. నాలుగు రోజులు వచ్చి, అయిదో రోజు రాలేదు.

మళ్ళీ వెళ్ళాను. పొద్దున పదింటికి ఆదిలక్ష్మి ఇంట్లోనే ఉంది. గడప మీద కూర్చుని ఉత్త చేతులతో వీధిలోకి చూస్తోంది. ఊరు ఊరంతా చేలల్లో ఉన్న వేళ.

“ఏం ఆదిలక్ష్మీ, ఇవాళ సెలవా?” అన్నాను సరదాగా.

“సెలవు మీరే ఇప్పిచ్చారు గదమ్మా” అంది.

లోపల్నుంచి కోటేశ్వరి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. కళ్ళు వాచి ఉన్నాయి. “మా అమ్మని ముఠాలోంచి తీసేశారు మేడమ్. నా మూలానే. నేనింక రాను” అంది.

సంగతేమిటంటే, మిరప కోతకి వెళ్ళే ఆడవాళ్ళ ముఠా జతలుగా పనిచేస్తుంది. సాలుకి, అంటే మొక్కల వరసకి, ఇద్దరు, అటొకళ్ళు ఇటొకళ్ళు. రైతు దగ్గర ముఠా పెద్ద పది జతలు అని మాటిస్తే పది జతలూ రావాలి. ఒకళ్ళు నాగా పెడితే రెండోవాళ్ళు ఒంటి మనిషి అయిపోతారు, ఒంటి మనిషికి సాలు ఇవ్వరు. నేను కోటేశ్వరిని లాక్కొచ్చాను, దాని జత తల్లే. మూడు రోజులు చూశారు, నాలుగో రోజు ఇంకో అక్కాచెల్లెళ్ళ జతని తెచ్చుకున్నారు. ఏడాదిలో ఆ ఇల్లు కాస్త ఊపిరి పీల్చుకునేది ఆ మూడు నెలలే.

నేను అక్కడే అరుగు మీద కూలబడ్డాను. చాలా సిగ్గేసింది.

ముఠా పెద్ద

ముఠా పెద్ద పేరు వెంకాయమ్మ. నెత్తిన తువాలు చుట్టుకుని, ఈ చేలో నిలబడి మాట్లాడితే పై చేలోకి వినబడే మనిషి. నేను గట్టు మీదుగా పడుతూ లేస్తూ వెళ్ళేసరికి సాలు మధ్యలో ఉంది. చెయ్యి ఆపలేదు.

“వెంకాయమ్మ గారూ, ఆదిలక్ష్మి తప్పేమీ లేదండీ. నేను వాళ్ళాయనతో మాట్లాడే...”

“ఎవరితో మాట్టాడారు? సాంబయ్యతోనా?” అని అప్పుడు ఆగింది. “ఓయమ్మో, వినండే! సాంబయ్య సంతకం పెట్టాడంట! ఏమ్మా, ఆయన ఏ రోజన్నా సాలు పట్టాడా? మా సంగతి ఆయన్నెట్టా అడుగుతారు మీరు?”

చుట్టూ ఆడవాళ్ళు నవ్వారు. నాకు మొహం చెల్లలేదు.

“సర్పంచి గారు కూడా...”

“సర్పంచి ఓట్లప్పుడు వస్తాడమ్మా, కోతలప్పుడు రాడు. నన్నొక్క మాట అడిగితే ఏం పోయిందమ్మా మీకు?”

తప్పయింది అన్నాను. ఆదిలక్ష్మిని తిరిగి తీసుకోమన్నాను, కోటేశ్వరిని చదువుకోనివ్వమన్నాను. వెంకాయమ్మ తువాలుతో మెడ తుడుచుకుని నిదానంగా చెప్పింది.

“నాకేం కచ్చ కాదమ్మా. నా కోడలు నాగా పెట్టినా ఇదే మాట. మనిషికి మనిషి. రాలేనోళ్ళు బదులు పంపాల. కానుపుకైనా అంతే, పెళ్ళికైనా అంతే. మీ చదువుకీ అంతే.”

“ఈ సీజన్లో బదులు మనిషిని నేనెక్కడ తేగలనండీ?”

“ఎందుకూ, మీరు లేరా? రెండు చేతులూ బానే ఉన్నాయిగా” అంది.

ఈసారి నవ్వులు చేను దాటాయి. నాకు రోషం వచ్చింది. రోషం వస్తే నాకు ముందూ వెనకా కనపడదు. మా ఆయన ఇప్పటికీ అంటూ ఉంటారు, నువ్వు కోపంలో చేసిన పనులే బాగుంటాయి అని. “సరే, రేపట్నించి నేనొస్తాను. ఆదిలక్ష్మికి జత నేనే” అన్నాను. నవ్వులు ఆగిపోయాయి.

నా కోత

మా నాన్న గారు సింగరాయకొండ దగ్గర పల్లెలో అర్చకులు. నేను మిరపకాయని ఊరగాయ జాడీలో చూసినదాన్నే తప్ప చెట్టు మీద ముట్టుకున్నదాన్ని కాదు. మూడు రోజులు సెలవు పెట్టి, మా ఆయన పాత చొక్కా చీర మీద తొడుక్కుని, ఆరింటికి ఆటో ఎక్కాను.

మొదటి గంటలో నేను కోసిన ప్రతి కాయకీ తొడిమ ఊడిపోయింది. తొడిమ ఊడిన కాయకి పురుగు పడుతుంది, రైతు ఒప్పుకోడు. రెండో గంటకి చేతులు మంట. “కంట్లో చెయ్యి పెట్టుకోమాకండమ్మోయ్” అని వెంకాయమ్మ అవతలి సాల్లోంచి అరుస్తూనే ఉంది. పెట్టుకున్నాను. ఏ బాసు తిట్టినా నా సర్వీసులో అంతగా ఏడవలేదు. ఆదిలక్ష్మి పెరుగన్నంలోంచి పెరుగు తీసి నా చేతులకి రాసింది. నా వైపు సాలు కూడా సగం తనే కోసింది. మధ్యాహ్నం ఇంటికి చేరాక మా ఆయన చూసి తలుపు తీయడానికి ఒక క్షణం ఆలోచించారు.

ఆ మూడు రోజుల్లో నేను కోసింది ఒక సంచి కూడా నిండి ఉండదు. కానీ ఏళ్ళ తరబడి సర్వేలు చేసి తెలుసుకోలేనిది అక్కడ తెలుసుకున్నాను. ఏ పిల్లకి కుట్టుపని మీద మనసుందో, ఏ పిల్లకి లెక్కలొచ్చో, ఏ ఇంట్లో మామ అడ్డం పడతాడో, ఆ మామని ఎవరు ఒప్పించగలరో ఆ సాళ్ళల్లో వంగున్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. మేం ఎవ్వరం వాళ్ళని అడగలేదు, అంతే. మేం మీటింగు పెట్టేది పదకొండింటికి, పంచాయతీ ఆఫీసులో. ఆ వేళకి అక్కడ కూర్చోగలిగేది సాంబయ్యలాంటివాళ్ళే.

మూడోరోజు అన్నాల దగ్గర వెంకాయమ్మ నన్ను అడిగింది. “ఆఖరి కోతలైపోయినాక తొలకరి దాకా మా పిల్లలు ఖాళీనే గదమ్మా. అప్పుడు పెట్టుకోకూడదా మీ బడి?”

“మార్చి లోపల అయిపోవాలండీ.”

“ఎవరికి అయిపోవాల?”

నేను ఇంకో ముద్ద కలుపుకున్నాను.

తర్వాత ఆవిడే ఒక లెక్క చెప్పింది. చదువు సంగతి సాయంత్రం నాలుగింటికి ఊళ్ళో బళ్ళో పెట్టుకోండి, అప్పటికి అందరూ ఇళ్ళకి వస్తారు. ఇక మిల్లులో చేతిపని నేర్చుకోవడానికి ఇరవై రోజులు పొద్దున్నే పోవాలి కదా. కోటేశ్వరి ఒక్కతే పోతే తల్లి ఒంటిదవుతుంది. మా ముఠాలోనే మరియమ్మ కూడా మీ క్లాసు మానేసింది, ఆ పిల్ల జతా వాళ్ళమ్మే. ఇద్దరు పిల్లలు కలిసి పోతే ఇద్దరు తల్లులూ జతవుతారు. “ఆ అక్కాచెల్లెళ్ళు ఎట్టాగూ వేరే ముఠాకి పోయారు. ఒక జత తక్కువైనందుకు రెండ్రోజులు ఎక్కువ కోస్తాం. రైతుతో నేను మాట్టాడతాలే” అంది.

ఎంత చిన్న లెక్క! మా ఆఫీసులో పీజీలు చేసినవాళ్ళం ఏడుగురం ఉన్నాం. ఒక్కరికీ తట్టలేదు. తట్టదు కూడా, జతల సంగతే తెలియనప్పుడు.

రంగారావు గారి ఉత్తరం

బ్యాచ్ మార్చిలో పూర్తికాదని చెప్పడానికి ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళాను. వార్త ముందే చేరింది.

“ఏమ్మా, కాయ కోయడానికి సెలవు పెట్టావా? ఆఫీసరువేనా నువ్వు? డిపార్ట్‌మెంటు పరువు చేలో కలిపావు!” అని అందుకున్నారు. నేను కాగితం బల్ల మీద పెట్టాను. ఆయన నా చేతులు చూశారు. వేళ్ళ చివర్ల తోలు ఊడి ఎర్రగా ఉన్నాయి.

“జనవరిలో పెట్టమన్నది ఎవరు?” అన్నారు.

“నేనే అన్నానండీ.”

“సంతకం నాదే కదమ్మా” అని, బ్యాచ్ కాలం తప్పుగా వేసింది తనేననీ, మరికొంత గడువు ఇమ్మనీ పైకి తన పేరు మీదే ఉత్తరం రాశారు. దానికి ఆయనకి అక్షింతలు బాగానే పడ్డాయని తర్వాత విన్నాను. ఆయన ఆ మాట నాతో ఎప్పుడూ ఎత్తలేదు. ఆ మనిషి మీద నాకున్న కోపం ఆ రోజుతో సగం పోయింది. మిగతా సగం అలాగే ఉంది, శాలువాల కోసం. ఆ తర్వాతి ఏడాది నుంచి ఆ ఊళ్ళో క్లాసులు ఎండాకాలంలోనే పెట్టాం. పిల్లలు ఎవరూ మానలేదు.

మిల్లులో మరో తంటా. మోటార్లు చుట్టే సెక్షన్ దగ్గర ఆడవాళ్ళకి బాత్‌రూమ్ లేదు. అందరూ ఒప్పందంలో ‘మహిళా సాధికారత’ అని రాసుకున్నారు, ఇది మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. అది కట్టేదాకా పిల్లల్ని పంపనని మొండికేశాను. మేనేజరు రెండు వారాలు విసుక్కుని చివరికి కట్టించాడు. కొత్తగా చేరినవాళ్ళకి నేను చెప్పేది ఇదే: ఆడపిల్లల్ని ఎక్కడికి పంపినా ముందు బాత్‌రూమ్ చూడండి, తర్వాత బస్సు టైము చూడండి, ఆ తర్వాతే మెషీన్ చూడండి. సిగ్గుపడితే ఈ ఉద్యోగం చేయలేరు.

పరీక్ష రోజు

చివరి పరీక్ష మిల్లులోనే పెట్టారు. బయటినుంచి పరీక్షాధికారి వస్తాడు. ఒక్కో పిల్ల ముందు ఒక కాలిపోయిన మోటారు పెడతారు, సాయంత్రానికల్లా అది చుట్టి తిప్పి చూపించాలి. తిరిగితే సర్టిఫికెట్టు, వెంటనే మిల్లులో ఉద్యోగం. ఆ రోజు రాకపోతే మళ్ళీ ఏడాది తర్వాతే, అప్పటికి ఆ ఉద్యోగం ఉంటుందన్న నమ్మకం లేదు. మరియమ్మది ముందురోజే అయిపోయింది, మోటారు తిరిగింది. కోటేశ్వరిది మర్నాడు పదింటికి.

తెల్లవారేసరికి మబ్బు పట్టింది. మా వైపు ఏప్రిల్లో మబ్బు చూస్తే ఎవరికీ ముద్ద దిగదు. కోసిన కాయంతా కల్లాల మీద ఆరబోసి ఉంటుంది. ఒక్క జల్లు పడితే ఎర్రటి కాయ మచ్చలు పడి ధర పలకని తాలుగా మారిపోతుంది. కోటేశ్వరిని స్కూటరు మీద తీసుకెళ్దామని వచ్చేసరికి వాళ్ళింటికి తాళం ఉంది. పక్కింటావిడ, “అందరూ వెంకాయమ్మ కల్లం కాడికి పోయారమ్మా” అంది.

వెంకాయమ్మ ఆ ఏడాది ఎకరన్నర కౌలుకి తీసుకుని సొంతంగా మిరప వేసింది. ఇంకొకళ్ళ చేలల్లో కోసీ కోసీ, మొదటిసారి తనది అని వేసుకున్న పంట. అది మొత్తం ఆ కల్లం మీద ఉంది. నేను వెళ్ళేసరికి ముఠా అంతా గంపలతో పరుగులు పెడుతున్నారు. గాలికి టార్పాలిన్ పట్టలు లేచిపోతున్నాయి. వాళ్ళ మధ్య కోటేశ్వరి. పరీక్షకని కట్టుకున్న కొత్త డ్రెస్సు మీద చున్నీ నడుముకి బిగించి, గంప మీద గంప ఎత్తిపోస్తోంది.

నేను స్కూటరు దిగి నిలబడిపోయాను. రమ్మని పిలవలేదు. ఒకసారి అడగకుండా లాక్కొచ్చి ఏం చేశానో నాకు తెలుసు. పరీక్ష పోతే పోయిందిలే అని ఆ నిమిషంలో నిజంగా అనుకున్నాను. ఈ మాట ఆఫీసులో ఎవ్వరికీ చెప్పలేదు, ఇక్కడే చెబుతున్నాను.

వెంకాయమ్మ నన్ను చూసింది. తర్వాత కోటేశ్వరిని చూసింది.

“ఏమ్మే! ఇంకా ఇక్కడే ఉండావా? పదింటికి గదా నీ పరీచ్చ?”

“వానొచ్చుద్దత్తా. నీ కాయ...”

“నా కాయ సంగతి నేను చూసుకుంటా. నువ్వెళ్ళు.”

“బదులు ఎవరికీ చెప్పలేదత్తా” అంది కోటేశ్వరి, గంప వదలకుండా. “అందరూ ఇక్కడే ఉన్నారు, నేనెవర్ని పెట్టను?”

వెంకాయమ్మ గబగబా వచ్చి ఆ గంప లాక్కుంది. “పెట్టేదేందే? ఈ ఇరవైమందీ నీ బదులే. ఇంకో మాట మాట్టాడితే ఈ గంప నీ నెత్తిన బోర్లిస్తా. పో!”

ఆదిలక్ష్మి వచ్చి కూతురి చేతులు కొంగుతో తుడిచింది. ఒక్కో వేలూ విడివిడిగా తుడిచి, “కళ్ళల్లో పెట్టుకోమాక” అంది. కోటేశ్వరి స్కూటరెక్కింది. దారి పొడుగునా వెనక్కి తిరిగి మబ్బునే చూస్తూ కూర్చుంది, స్కూటరు ఊగుతుంటే నేను కసిరాను కూడా.

మిల్లు దగ్గర మస్తాన్ గారికి అప్పజెప్పి నేను కల్లానికి తిరిగొచ్చాను. పరీక్ష గదిలోకి నన్నెలాగూ రానివ్వరు. గంప తీసుకున్నాను. ఎవరూ నవ్వలేదు, టైము లేదు. పదకొండున్నరకి వాన పడింది, రాళ్ళు విసిరినట్టు. అప్పటికి ముప్పావు వంతు కప్పేశాం. ఒక పక్కన మాత్రం పట్ట చాల్లేదు. వెంకాయమ్మ ఆ పక్కనే వానలో నిలబడి చూస్తూ ఉంది. కాసేపటికి ఆవిడే, “పోయింది పోగా మిగిలింది మనది. పదండి, తలలు తుడుచుకోండి” అంది.

సాయంత్రం కోటేశ్వరిని తీసుకురావడానికి మిల్లుకి వెళ్ళాను. గేటులోంచి వస్తోంది, వేళ్ళకి వార్నీషు మరకలు. వెనకాలే మస్తాన్ గారు, మొహం వెలిగిపోతూ. ఆయన మొహం చూసేసరికే నాకు గుండె నిబ్బరమైంది. మోటారు సంగతి అడగబోయాను. ఆ పిల్ల నన్ను నోరు తెరవనివ్వలేదు.

“కాయ తడిసిందా మేడమ్?”

“ఒక పక్క తడిసిందమ్మా. మిగతాదంతా కప్పాం.”

గేటు పక్కన సిమెంటు దిమ్మ మీద కూర్చుని భోరున ఏడ్చింది. మస్తాన్ గారు కంగారుపడి, “మోటారు తిరిగిందండీ! చప్పుడు కూడా రాలా, అంత బాగా చుట్టింది. మరి దీనికి ఏడుపెందుకూ?” అని నన్నడిగారు. నేను కూడా పక్కన కూర్చుని ఏడుస్తుంటే టీ తేవడానికి వెళ్ళారు.

మిల్లులో చేరాల్సింది సోమవారం. మధ్యలో నాలుగు రోజులున్నాయి. ఆ నాలుగు రోజులూ కోటేశ్వరి పొద్దున ఆరింటికల్లా వెంకాయమ్మ కల్లంలో కూర్చుని, తడిసిన కాయలో మంచి కాయ ఏరింది. వెంకాయమ్మ వద్దని ఎంత తిట్టినా లేవలేదు.